నీలం తిరిగిన సీసాలు

కోవూరు నుంచి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటలన్నీ దాటినాక, సరుగుడు తోపు వెనకాల రొయ్యపిల్లల్ని పెంచే పాత హేచరీ ఒకటి ఉంది. చీకటి పడితే ఆ దోవన మనిషన్నవాడు పోడు. పోయినా వెనక్కి తిరిగి చూడడు. లోపల ఆడమనిషి ఏడుస్తుందంట. ముందు సన్నగా... తర్వాత గొంతెత్తి... గాలి ఆగితే ఆమె కూడా ఆగిపోతుందంట!

గాలి ఆగితే ఏడుపు ఆగుతుందని వాళ్ల నోటితో వాళ్లే చెప్తారు. అయినా అది దెయ్యమే అంటారు. మనోళ్ల తెలివి అట్లాంటిది.

ఆ ఏడ్చే మనిషికి పేరు కూడా ఉంది. దుర్గ. హేచరీ నడిచే రోజుల్లో రొయ్యపిల్లల తొట్లు కడిగేది. ఒకనాడు మోటారు వెయ్యబోయి షాకు కొట్టి అక్కడికక్కడే పోయింది. తడి చేత్తో స్విచ్చి ముట్టుకుంది, తప్పు ఆ పిల్లదే అని పెద్దమనుషులు తేల్చేసినారు. హేచరీ మూతపడింది. పిల్ల దెయ్యమైంది. అందరికీ హాయి.

ఇక అసలు సంగతి. ఇది మా వీధి అబిగయీలు చెప్పగా విన్నా. ఆ పిల్లకు అబద్ధం ఆడటం రాదు, నేర్పించినా రాదు.

ఆ హేచరీని ఒక చిన్న కంపెనీ బాడుగకు తీసుకొని ల్యాబు పెట్టింది. రొయ్యపిల్లను గుంటలో వదలకముందే దానికి తెల్లమచ్చ రోగం ఉందో లేదో చెప్పే పెట్టె తయారు చెయ్యాలని వాళ్ల ఆలోచన. ఆ రోగం తెచ్చే వైరస్ డీఎన్ఏను అక్షరం అక్షరం చదివే పెట్టె. ఆ రోగం వస్తే గుంటకు గుంటే తుడిచిపెట్టుకు పోతుంది, మా పక్క రైతుకు చెప్పక్కర్లేదు.

చదవాలంటే ఎంజైము కావాలి. అది డీఎన్ఏ పోగును పట్టుకొని దానికి జత పోగు అల్లుకుంటా పోతుంది. ఏ అక్షరం అల్లిందో పెట్టె కనిపెడుతుంది. ఊరికే నీళ్లలో వదిలితే ఆ ఎంజైము తలా ఒక దిక్కుకు పోతుంది, త్వరగా చచ్చిపోతుంది. అందుకని దాన్ని కంటికి ఆనని బంగారు నలుసులకు అతికించాలి. ఆ అతికించే పని అబిగయీలుది.

బంగారం గదా, పచ్చగా ఉంటుందనుకునేరు. అంత సన్నం చేసి నీళ్లలో కలిపితే ఎర్రగా ఉంటుంది — దానిమ్మ రసం మాదిరి.

సాయంత్రం ఆ ఎర్ర నీళ్లలో ఎంజైము కలిపి, తెల్లారేసరికి అతుక్కుంటుందని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి పోయింది.

తెల్లారి చూస్తే... నీలం.

ఒక్క సీసా కాదు, అన్నీ. అడుగున మసి మాదిరి మడ్డి. ఎంజైము చచ్చిపోయింది.

నీళ్లు మార్చింది. సీసాలు మార్చింది. మళ్లీ కలిపి పెట్టింది. మళ్లీ నీలమే!

ల్యాబుకు పెద్ద బెన్హర్ సార్. పేరుకు ముందు డాక్టర్, పేరు వెనక ఇంత పొడుగు డిగ్రీలు. హేచరీ నడిచినప్పుడు కూడా ఆయనే మేనేజరు. ఆదివారం మైకు దొరికితే చాలు, మూఢనమ్మకాల మీద గంట తక్కువ మాట్లాడడు. ఆ మహానుభావుడు నీలం సీసా వంక చూసి గొంతు తగ్గించి ఏమన్నాడో తెలుసా?

"రక్తం అనుకుంది అబిగయీలూ... తాగేసింది."

"ఎవరు సార్?"

"ఎవరో నీకు తెలీదా?"

అక్కడితో ఆగినా బాగుండు. ల్యాబు ఊడ్చే గురవమ్మను పిలిపించినాడు. గురవమ్మ ఎవరో కాదు, దుర్గకు సొంత అక్క.

"రేపట్నుంచి నువ్వు రావద్దు. నువ్వొస్తే నీ వెనకాల నీ చెల్లెలు వస్తా ఉంది."

గురవమ్మ చీపురు గోడకు ఆనించింది. "నా చెల్లెలు ఒకరి వస్తువు ముట్టే మనిషి కాదు సార్" అనింది.

అబిగయీలుకు ఒళ్లు మండింది. "సార్, శుక్రవారం కంపెనీవాళ్లు చూసేదానికి వస్తారు గదా. అప్పటిదాకా ఆమెను ఉండనీండి. ఏం జరుగుతా ఉందో నేను కనుక్కుంటా."

"కనుక్కోలేకపోతే ఇద్దరూ పొండి" అన్నాడు ఆయన.

మర్నాడు అబిగయీలు పద్ధతి మార్చింది. సాయంత్రం కాకుండా పొద్దున్నే ఎంజైము కలిపింది, చీకటి పడేలోపల బాగా పట్టుకుంటుందని. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి, అందరితో పాటు బయల్దేరినట్టే బయల్దేరి, స్కూటీ తోపులో దాచి వెనక వాకిలి గుండా లోపలికి వచ్చింది. గురవమ్మను వద్దన్నా వినలా, వెంట వచ్చింది.

"నీకు భయం లేదా అక్కా?"

"భయం దేనికి పాపా?" గురవమ్మ చీకట్లో గుసగుసగా చెప్పింది. "అందరికీ వినపడతా ఉండాదంట. నాకే యానాడూ కనపళ్లా. నిజంగా వస్తే... ఒక్కసారి చూసుకుంటా."

 అబిగయీలు ఆమె చెయ్యి పట్టుకొని బీరువా వెనక కూర్చుంది.

చీకటి చిక్కబడింది. సముద్రం మీద గాలి లేచింది...

ఏడుపు మొదలైంది.

ముందు సన్నగా. తర్వాత గొంతెత్తి. గురవమ్మ గోళ్లు అబిగయీలు చేతిలో దిగబడినాయి. "దుర్గా..." అనింది.

"కాదక్కా. కప్పు మీద పాత గాలిపైపు. మూత ఊడిపోయి ఉంది, పగలు చూసినా."

గురవమ్మ పట్టు వదిలింది. కానీ ఆ వదలడంలో ధైర్యం లేదు పాపం, ఇంకేదో ఉంది.

అప్పుడు... గడియ తీసిన చప్పుడు.

గాలి గడియ తియ్యదు. పైపు గడియ తియ్యదు.

అడుగులు. ఆగినాయి. మళ్లీ అడుగులు...

వాకిట్లో తెల్లగా ఒక ఆకారం. తల నుంచి మోకాళ్ల దాకా తెలుపే. ముఖం లేదు. ఏదో గొణుక్కుంటా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయింది. తలుపు తెరిచింది. ఆ కాస్త వెలుతురులో ఒక చెయ్యి కనపడింది. సీసా మూత తీసి, అందులో ఏదో వేసి, కలిపింది. ఇంకో సీసా. ఇంకోటి.

తర్వాత వాటి ముందు వంగి గుసగుసలాడింది.

"తిరుగు... నీలం తిరుగు..."

సీసాలు ఎర్రగానే ఉన్నాయి.

"ఎందుకు తిరగలా? ఈరోజు ఎందుకు తిరగలా...?" ఇంకొంచెం వేసింది. అప్పుడూ ఎరుపే.

అబిగయీలు ఆపేలోపలే గురవమ్మ లేచి నిలబడింది. కొంగు జారింది, ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది. చెల్లెల్ని చూస్తానని వచ్చిన మనిషి, ఎదురుగా ఏముందో తెలీక, చెయ్యి ముందుకు చాపింది.

"దుర్గా... నువ్వేనా?"

ఆ తెల్ల ఆకారానికి మాట వినపళ్లా. చీకట్లో జుట్టు విరబోసుకొని చెయ్యి చాపిన ఆడమనిషి కనపడింది, అంతే!

కేకేసి నేలకు కూలబడింది. "దుర్గా! నన్నేం చెయ్యబాక! మోటారు షాకు కొడతా ఉందని నువ్వు చెప్పినావు, నేను లేదన్లా... రేపు చూద్దామన్నా, అంతే గదా! రేపు చూద్దామన్నా..."

అబిగయీలు లైటు వేసింది.

తెల్ల కోటు. తల మీద తెల్ల తువ్వాలు. చేతిలో దిష్టి తీసే కల్లుప్పు పొట్లం. డాక్టర్ బెన్హర్ సార్, ఇన్ని డిగ్రీలతో సహా!

మొదటిరోజు ఎర్ర నీళ్లు చూసి జడుసుకొని, దుర్గ ముట్టకుండా ఉండాలని చిటికెడు ఉప్పు వేసినాడంట. కళ్లముందే నీలం తిరిగింది. నీలం తిరిగితే దెయ్యం సీసాలో చిక్కినట్టు, తిరక్కపోతే అది బయటే ఉన్నట్టు అని ఆయన లెక్క. ఇక రోజూ వేసినాడు. ఉప్పు తగిలితే బంగారు నలుసులు ఒకదాన్నొకటి పట్టుకొని గడ్డకడతాయి, గడ్డకడితే నీలం తిరుగుతాయి. కాలేజీ పిల్లలకు తెలిసిన సంగతి. భయం తలకెక్కితే డిగ్రీ దిగిపోతుంది కాబోలు.

ఇంకో సంగతి చూడండి. నలుసు చుట్టూ ఎంజైము బాగా కప్పుకొని ఉంటే ఉప్పు దాన్ని ఏమీ చెయ్యలేదు. ఆ రాత్రి సీసాలు ఎర్రగానే ఉన్నాయంటే అతికింపు కుదిరిందని అర్థం. అబిగయీలు చెయ్యాల్సిన పరీక్ష ఆయనే వణుక్కుంటా చేసి పెట్టినాడు. శుక్రవారం కంపెనీవాళ్ల ముందు పెట్టె వైరస్‌ను తప్పు లేకుండా చదివింది.

తెల్లారేసరికి సార్ మాట మార్చినాడు. "చీకట్లో భయపడి ఏదో వాగినా" అన్నాడు. గురవమ్మ ఒప్పుకోలా. అబిగయీలును వెంటబెట్టుకొని పోలీసు స్టేషనుకు పోయింది. దుర్గ ముందే చెప్పిందనీ, ఈయన పట్టించుకోలేదనీ రాయించింది. కేసు నడుస్తా ఉంది. సార్‌ను కంపెనీ సాగనంపింది. గురవమ్మ ఇప్పటికీ అక్కడే పని చేస్తా ఉంది.

ఇంత జరిగినాక ఆ పైపుకు మూత కూడా వేసినారు. ఇక దెయ్యం పోయిందనుకుంటున్నారా? మా జనం సంగతి మీకు తెలీదు. ఇప్పుడేమంటున్నారంటే, దుర్గే దెయ్యమై వచ్చి, సార్ గొంతు పట్టుకొని, నిజం కక్కించిందంట!

అబిగయీలు వాదించి వాదించి విసిగిపోయింది. "నువ్వన్నా చెప్పక్కా, అక్కడ ఉన్నది నువ్వేనని" అని గురవమ్మను అడిగింది.

గురవమ్మ తల అడ్డంగా ఊపింది.

"అననీలే పాపా. బతికుండగా దాని మాట ఎవురూ నమ్మలా. ఇప్పుడన్నా నమ్మినారు గదా."