తోడుబుడతల ఉంగరం

పాలవెల్లి రాజ్యంలో పాలు తోడుకోవడం మానేశాయి. నవ్వకండర్రా! పెరుగన్నం లేకుండా వారం రోజులు ఉండి చూడండి, తెలుస్తుంది. ఎంత తోడు వేసినా కుండలో పాలు పలచగానే ఉండి కంపుకొట్టేవి.

దీనికంతటికీ మూలం రాజు కనకసేనుడే. నిరుడు కోటలో తోడుపెట్టిన పెరుగు ఆయనకు తెగ నచ్చింది. ఇంకేం! ఇంటింటా పాత తోడు పారబోసి, అందరూ కోట తోడే వాడాలని చాటింపు వేయించాడు. ఇప్పుడా తప్పు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. ఎవరో చేతబడి చేశారన్నాడు. ఆనాడు వద్దు వద్దని మొత్తుకున్న గొల్లముసలమ్మ గురవమ్మను పట్టి కొట్లో వేయించాడు. పున్నమిలోగా పాలు తోడుకోకపోతే ఆమెను పులుల అడవిలో వదిలేస్తారట. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

గురవమ్మ మనుమరాలు నాంచారికి ఆ అవ్వ తప్ప ఎవరూ లేరు. ఆ పిల్ల మంత్రి కాళ్లు పట్టుకుంది, వైద్యుణ్ణి బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరకు చెడిన పాలు ఒక ముంతలో పోసుకుని, ముళ్లదారిన కొండెక్కి, అక్కడ తపస్సు చేసుకునే మునిని కలుసుకుంది.

"స్వామీ, పాలెందుకు తోడుకోవట్లేదు?"

"నన్నడుగుతావేం? పాలనే అడుగు."

"పాలు మాట్లాడతాయా స్వామీ?"

"నువ్వు అడిగి చూశావా?"

నాంచారికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మా అవ్వ అక్కడ చావబోతోంది, మీకేమో పొడుపుకథలా!" అని అరిచింది. ముని చిన్నబుచ్చుకుని, జటలోంచి రెండు గుళికలు తీసి ఇచ్చాడు. ఒకటి మింగగానే ఆమె ఆవగింజ కంటే చిన్నదై ముంతలో పడింది.

లోపల ఘోరం! పాలను పెరుగుగా మార్చే తోడుబుడతలు అక్కడ గుండ్రటి ఇళ్లలో కాపురముంటారు. సాలెపురుగు కాళ్ల రక్కసులు ఆ ఇళ్లమీద వాలి, గోడకు కన్నం పెట్టి, లోపలికి తమ విషపుతాడు దించుతున్నారు. కాసేపటికి ఇల్లు పగిలి, ఒక్క రక్కసుడికి బదులు వంద మంది బయటికి దూకుతున్నారు.

"మీరు తిరగబడరేం?" అని నాంచారి కసిరింది.

"ఎలా తల్లీ? మేమంతా ఒకే తల్లి పిల్లలం, ఒకడికి చేతకానిది ఎవరికీ చేతకాదు," అన్నాడో బుడతడు. "మా ఇళ్లలో ఉంగరం కట్టే కావలివాళ్లు లేరు. ఇంటింటి పాత తోడులో ఉండేవాళ్లు. దాన్నేమో మీరు పారబోశారు."

గుళిక బలం తీరి నాంచారి బయట పడింది. గండశిల గుహలోని రాక్షసి చండోదరికి అవ్వ ఒకప్పుడు తమ పాత తోడు ఇచ్చిన సంగతి గుర్తొచ్చి అడవిలోకి పరుగెత్తింది. ఏట్లో మొసలి తరిమింది, ఊబి చెప్పులు లాక్కుంది. తల ప్రాణం తోకకొచ్చి గుహ చేరేసరికి సూర్యుడు అప్పుడే కుంకాడు.

"గురవమ్మ తోడా? భద్రంగా ఉంది," అంది చండోదరి. "కానీ పొద్దుగూకింది. దీపాల వేళ తోడు గడప దాటకూడదు. రేప్పొద్దున తీసుకో."

"రేపే పున్నమి! మా అవ్వ ప్రాణం పోతుంది!"

"ఈ పద్ధతి నాకు నేర్పింది మీ అవ్వేనే పిల్లా! ఒట్టు కూడా వేయించుకుంది."

"అయితే మా అవ్వను చంపేది మా అవ్వ పద్ధతేనన్నమాట!" అని నాంచారి గుహగోడను తన్నింది. కాలు నొచ్చింది తప్ప లాభం లేకపోయింది.

తెల్లవారగానే చండోదరి తోడుముంతతో పాటు ఆమెను భుజాన ఎక్కించుకుని కోటగుమ్మంలో దించింది. రాజు చూస్తుండగా నాంచారి గోరువెచ్చటి పాలలో ఆ తోడు వేసింది. ఈ తోడు రక్కసులకు తట్టుకుంటుందో లేదో చూద్దామని చెడిన పాలు కూడా ఒక గరిటెడు కలిపి, రెండో గుళిక మింగి కుండలో దూకింది.

రక్కసులు రానే వచ్చారు. ఒకడు తాడు దించగానే ఇంట్లోని కావలి బుడతడు గబగబా పూసలు గుచ్చి ఉంగరం కట్టాడు.

"ఈ ఉంగరం తగిలితే మా గోడలు కూల్చేవాడు నిద్రలేస్తాడు," అన్నాడు. "రక్కసుడి పిల్లలు పుట్టకముందే ఇల్లు కూలిపోతుంది."

"మరి నువ్వో?"

"నేనూ ఇంట్లోవాణ్ణేగా."

"వద్దురా! ఇంకో దారి చూడు!"

"ఇరుగుపొరుగున ఎంతమంది ఉన్నారో చూశావా అక్కా?" అని వాడు ఉంగరాన్ని వదిలేశాడు. ఇల్లు కుప్పకూలింది. రక్కసుడి వంశం అందులోనే అణగిపోయింది. చుట్టుపక్కల ఇళ్లన్నీ నిలిచాయి.

గుళిక బలం తీరి నాంచారి కుండలోంచి బయటపడింది. సాయంత్రానికి కుండను వంచితే చుక్క కారలేదు. గడ్డపెరుగు! రాజు తల దించుకుని గురవమ్మను విడిపించాడు, నాంచారిని పాడిశాలకు పెద్దను చేశాడు. అవ్వ మనుమరాలి చేతిలో మొదటి ముద్ద పెట్టింది. నాంచారి తినలేకపోయింది.

"ఇది నిలవడానికి వాడు పోయాడవ్వా," అని వెక్కివెక్కి ఏడ్చింది.

"అందుకే పారబోయొద్దన్నానే తల్లీ. తిను. రేపటికి కాస్త తోడు ఉంచు."

ఊళ్లోవాళ్లు గిన్నెలతో వచ్చి తోడు పట్టుకెళ్లారు. ఇక ఎవరింటి తోడు వారిదేనని కొత్త చాటింపు వేశారు. అంతా సద్దుమణిగి, దీపాలు పెట్టాక కనకసేన మహారాజు వెండిగిన్నె పట్టుకుని స్వయంగా వచ్చాడు.

నాంచారి కళ్లు తుడుచుకుని తలుపు దగ్గరికి వేసింది.

"పొద్దుగూకింది మహారాజా. రేప్పొద్దున రండి."