రెండో వరసలో పేరు

కప్పగల్లు హనుమప్పను చంపే ముందు వాళ్ళు అతనికి టీ తాగించారు.

సండూరు దగ్గర యశ్వంతనగర్‌లో ఖనిజం లారీలు తిరిగే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో ఒక గేమ్ సెంటర్ ఉంది. అందులోని పెద్ద ఆట మెషిన్ హనుమప్ప చేతిపనే. ప్లైవుడ్ కోసి, పాత టీవీ బిగించి, లోపల చిన్న కంప్యూటర్ పెట్టి, జాయ్‌స్టిక్కూ బటన్లూ అమర్చి నిలబెట్టాడు. దాని నొసట రెండు వరసల అక్షరాలు చూపే చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లే పెట్టమన్నారు. పెట్టాడు. మొదటిరోజే అందులో కనబడిన ఒక పేరు చదివి, "ఈయప్ప ఎవరు సార్?" అని అడిగాడు.

అంతే. స్టూలు మీద కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి, చివరి గుటక మింగేదాకా ఓపిగ్గా ఆగి, తలలో కాల్చారు. ఆ గుండే అతని వెనకున్న డిస్‌ప్లేనూ పగలగొట్టింది.

"కాబట్టి వాళ్ళకిప్పుడు కొత్త డిస్‌ప్లే కావాలి. పెట్టే మనిషీ కావాలి," అంది హారతి.

హొస్పేట రోడ్డులో ఆపిన కారులో ఏజెంట్ కృపానిధికి జరిగిన బ్రీఫింగ్ అది. హారతి అతని చీఫ్. నవ్వడం ఆమెకు ఖర్చుతో కూడిన పని.

"రాడార్ కేంద్రం డ్రాయింగులు ఆ ముఠా దగ్గరున్నాయి. ఎక్కడ దాచారో తెలీదు. ఇప్పుడే రెయిడ్ చేస్తే అవి మాయమవుతాయి. ఫోన్లు మనం వింటామని తెలుసు కాబట్టి, వాళ్ళకు విదేశం నుంచి ఆర్డర్లు ఆ గేమ్‌లోకి వస్తాయి, హై స్కోరులాగా. జాయ్‌స్టిక్‌ని ఒక పద్ధతిలో తిప్పినవాడికే డిస్‌ప్లేలో కనబడతాయి. ఆట ఆపగానే చెరిగిపోతాయి."

"ఈసారి ఏమొస్తోంది మేడమ్?"

"ఒక పేరు. హనుమప్ప పోయినప్పటి నుంచి ఆ షెడ్డులోంచి ఎవరో మనకు మెసేజ్‌లు పంపుతున్నారు. ప్రతిసారీ వేరే లారీ డ్రైవర్ ఫోను నుంచి. కోడ్ నేమ్ సీతాకోక. ఆ మనిషెవరో విదేశంలోని ముఠా పైవాళ్ళకు తెలిసిపోయింది. శనివారం పేరు వస్తుంది. చదివి పని ముగించడానికి అతిథి వస్తాడు."

హనుమప్పకు టీ ఇచ్చినవాడే అతిథి. అసలు పేరు ఎవరికీ తెలీదు.

"సీతాకోక ఎవరో మనకు తెలీదా?"

"రోహిణి తానేనంటోంది. ముఠాను ఇక్కడ నడిపే రుద్రేశ్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చూసుకుంటుంది, ముఠా డబ్బు తింటుంది, మనకూ పనిచేస్తుంది. నాకు నమ్మకం లేదు. పేరు మనం చూడాలి. వాడు చూడకూడదు."

ఆమె కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి అతని ఒళ్ళో పెట్టింది. చూడ్డానికి ఏ రేడియో షాపులోనైనా దొరికేలా ఉంది.

"దీని వైరు డిస్‌ప్లేకి కలుపు. నాబ్ తిప్పితే రెండో వరసలో మనం రాసిన పేరు వస్తుంది. మూడు పేర్లు పెట్టించాను. రుద్రేశ్, రోహిణి, మౌనేష్."

మౌనేష్ అంటే అతనే. ఆ మిషన్‌కి అతని మారుపేరు అది.

"ఏ పేరు వస్తే ఆ మనిషి పోతాడు. అందుకే ఇది ఆఖరి దారి," అంది హారతి, ఏసీ తగ్గిస్తూ.

షెడ్డులో రుద్రేశ్ కుర్చీ వెనక్కి వాల్చి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఇరవై లారీల ఓనరు. మెడలో లావుపాటి గొలుసు.

"యాడోనివప్పా?"

"బళ్ళారి కౌల్‌బజార్ అన్నా. టీవీలు, మిక్సీలు రిపేరు చేస్తాండా."

"పోలీసోల్లు బలే వేషాలేస్తారంట. నొప్పి పెడితే మాత్రం అరవరంట. ట్రైనింగ్ అంట. చూద్దామా?"

బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ అప్పటికే పొగలు కక్కుతోంది. రుద్రేశ్ మనుషులిద్దరు అతని ఎడమచేతిని బల్లకు అదిమారు. ఐరన్ మొన చూపుడువేలి మీద ఆనింది.

అరవకుండా ఉండడం ట్రైనింగ్‌లో నేర్పారు. అరవడం మాత్రం కృపానిధి సొంతంగా నేర్చుకున్నాడు. షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. అమ్మను పిలిచాడు, రుద్రేశ్ కాళ్ళు పట్టుకోబోయాడు.

"మనోడేలే," అని రుద్రేశ్ నవ్వి ఐరన్ తీశాడు. "పని చూస్కో."

షెడ్డు మూల పొయ్యి దగ్గరినుంచి సుంకలమ్మ గిన్నెలో పెరుగు తెచ్చింది. ఆ సెంటర్‌లో డ్రైవర్లకు టీ అమ్మే ముసలామె.

"ఇందులో ముంచు నాయనా. సల్లగుంటాది." అతని పక్కన కూలబడి, కాలిన వేలిని తానే గిన్నెలో పెట్టింది. "హనుమప్పకు గూడా నేనే టీ పోస్తిని. మంచికి ఇస్తాండారేమో అనుకొంటి. ఆ గ్లాసు గూడా నేనే కడిగితి."

వేలు మంట తగ్గేదాకా గిన్నె పట్టుకుని కూర్చుంది. ఆ మిషన్ మొత్తంలో అతన్ని ఎవరూ ఏమీ అడగకుండా కూర్చోనిచ్చిన సమయం అదొక్కటే.

కొత్త డిస్‌ప్లే విదేశం నుంచి పార్సిల్‌లో వచ్చింది. దాన్ని ఎంచినవాడు స్వెటర్ వేసుకుని ఎంచి ఉంటాడు. యాభై డిగ్రీలకు మించితే పనిచేయదని అట్ట మీదే అచ్చువేసి ఉంది. బళ్ళారిలో పుట్టి పెరిగిన కృపానిధి ఆ మాట చదివి, మే నెల రేకుల షెడ్డు పైకప్పు వంక చూసి, ముఖం తిప్పుకున్నాడు. డిస్‌ప్లేని మెషిన్ నొసట, బొమ్మ బోర్డుకు వెలుగిచ్చే పాతకాలం బల్బుకు ఆనుకునేలా బిగించాడు. ఎండకు బల్బు వేడి తోడైతే అక్షరాలుండాల్సిన చోట నల్లటి గడులే మిగులుతాయి. అతిథి చదవలేడు, ఆట ఆగుతుంది, పేరు చెరిగిపోతుంది. ఎవరూ చావరు.

అవే వైర్లకు అలాంటిదే ఇంకో డిస్‌ప్లే కలిపి, మెషిన్ వెనక, కింద నీడలో దాచాడు. ముందు ఏ అక్షరాలు వస్తే వెనకా అవే వస్తాయి. అది అతనికి. బల్బు స్విచ్చి కూడా వెనకే. ఆ బల్బు ఆరితే, ఎదురుగా ఆగిన ఖనిజం లారీలోంచి హారతి మనుషులు దిగుతారు.

పొద్దున చల్లటి వేళ రుద్రేశ్ టెస్ట్ చేశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఆ సాయంత్రం రోహిణి వచ్చింది. ఎర్రదుమ్ములో తెల్లచీర, నల్లగాగుల్స్. చీర మీద ఒక్క మరక లేదు. మెషిన్ మీద మోచెయ్యి ఆనించి, పెదాలు కదపకుండా అడిగింది.

"సండూరులో వాన పడిందా?"

"బండ్రి దాకా వచ్చి నిలిచిపోయింది."

కోడ్ సరిపోయింది. "సీతాకోకను నేనే," అంది. "శనివారం వచ్చేది నా పేరే. నా పాస్‌పోర్టు, నా డబ్బు రెడీగా ఉంచమని మీ మేడమ్‌కి చెప్పు. నీ వేలికి కట్టేమిటి?"

"చిన్న టెస్ట్."

"పాసయ్యావన్నమాట," అని ఆమె అతని చెంప తట్టి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం అతిథి వచ్చాడు. తెల్లచొక్కా, ప్రశాంతమైన ముఖం. తెలుగు మాత్రం పుస్తకంలోంచి చదువుతున్నట్టు మాట్లాడతాడు. మెషిన్ ముందు నిలబడి జాయ్‌స్టిక్ తిప్పాడు. అతని సైగతో రోహిణి వచ్చి పక్కన నిలబడింది. రుద్రేశ్‌కు చూసే హక్కు లేదు, దూరంగా ఆగాడు.

"రుద్రేశ్ గారూ, ఇందులో నల్లని గడులు తప్ప ఏమియూ కనిపించుటలేదు."

రుద్రేశ్ కృపానిధి మెడ పట్టుకున్నాడు. "ఏమిరా ఇది? టెస్ట్ చేసినపుడు బాగుండె కదా?"

"ఫ్యూజు చూస్తానన్నా. వెనక ఉండాది."

"హనుమప్ప కూర్చున్న స్టూలు యాడుందో తెలుసునా?"

"చూస్తానన్నా."

అతను మెషిన్ వెనక దూరి, కింద నీడలోని డిస్‌ప్లే చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. పై వరసలో 'న్యూ హై స్కోర్.' రెండో వరసలో 'సుంకలమ్మ.'

సీతాకోక ఆమేనని కృపానిధికి తట్టింది. డ్రైవర్ల ఫోన్లు. టీ తాగేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం అడిగి తీసుకునే ఫోన్లు. రోహిణి అబద్ధమూ అప్పుడే తేటపడింది. తానే సీతాకోకనని ఇటు చెప్పుకుని, అసలు మనిషి బతికుంటే ఆ అబద్ధం బయటపడుతుందని, ఆమె పేరును అటు ముఠా పైవాళ్ళకు అమ్మేసింది.

పరవాలేదు. ముందువైపు ఇంకా నల్లగానే ఉంది. ఇంకొక్క నిమిషం గడిస్తే వాడు ఆట ఆపేస్తాడు.

అప్పుడే చక్రాల చప్పుడు. సుంకలమ్మ పెద్ద కూలర్‌ని ఈడ్చుకొస్తోంది.

"ఏంది ముసల్దానా?" అన్నాడు రుద్రేశ్.

"ఆ పిలగాడు వెనకాల ఉడికిపోతాండాడప్పా. మిషను గూడా కాలిపోతాండాది. స్వల్ప గాలి తగలనీ," అంటూ కూలర్ మూతిని మెషిన్ వైపు తిప్పింది.

తడిగాలి నేరుగా డిస్‌ప్లే మీద కొట్టింది.

"ఆహా," అన్నాడు అతిథి. "ఇప్పుడు స్పష్టమగుచున్నది. మొదటి వరస కనిపించుచున్నది."

కృపానిధి మల్టీమీటర్ లాక్కున్నాడు. మూడు పేర్లు. తన పేరు దగ్గర నాబ్ ఒక్క క్షణం ఆగింది. తను పోతే డ్రాయింగులు దొరకవు. రోహిణికి అవెక్కడున్నాయో తెలీదు. రుద్రేశ్‌కు తెలిసి ఉండాలి, చావు ఎదురైతే చెప్పవచ్చు. పైగా, హనుమప్ప టీ తాగుతుంటే పక్కన నిలబడి చూసినవాడు రుద్రేశే. కాలిన వేలు కూడా ఆ పేరే చెప్పింది. నాబ్ తిప్పాడు.

మెషిన్ ముందువైపు మసక పూర్తిగా విడింది. అతిథి రెండో వరస చదివాడు. రోహిణీ చదివింది. అది తప్పు పేరని ఆమెకు తెలుసు. గాగుల్స్ సర్దుకుని ఊరుకుంది. రుద్రేశ్ పోతే ఇరవై లారీలూ ఆమెవే.

అతిథి మెల్లగా వెనుదిరిగాడు.

"అమ్మా, ఒక టీ ఇప్పించండి. రుద్రేశ్ గారికి."

రుద్రేశ్ ఒకడుగు వెనక్కి వేశాడు. "నాకు... ఇప్పుడు టీ వద్దన్నా."

"పుచ్చుకోండి." అతిథి స్టూలు కాలితో ముందుకు తోశాడు. పిస్తోలు తీసి, తొందర లేనట్టు తొడ పక్కన పట్టుకున్నాడు.

సుంకలమ్మ గ్లాసు నింపి తెచ్చింది. రుద్రేశ్ స్టూలు మీద కూలబడ్డాడు. పిట్ట తాగినట్టు ఒక చుక్క తాగాడు. ఇంకో చుక్క.

వెనక కృపానిధి వేలు బల్బు స్విచ్చి మీద ఉంది. నొక్కలేదు. నొక్కితే ఒక మనిషి బతుకుతాడు, డ్రాయింగులు పోతాయి. ఆగాడు. గ్లాసుకు పళ్ళు తగిలే చప్పుడు వింటూ ఆగాడు.

"నేను కాదన్నా," అన్నాడు రుద్రేశ్. "నా బిడ్డల మీద ఒట్టు. ద్రోహం చేసేటోన్నైతే కాగితాలు ఈపాటికి అమ్ముకోనా? భద్రంగా పెట్టిండా. బండ్రి రోడ్డులో మూలపడిన నా లారీ ఉండాది కదా, దాని స్టెప్నీ టైరులో ఉండాయి. పోయి చూస్కోన్నా."

"కృతజ్ఞతలు," అన్నాడు అతిథి. "మీతో ఇక పని లేదు." గ్లాసులో సగం టీ ఉండగానే పిస్తోలు లేచింది. మొదటిసారి అతను మర్యాద తప్పాడు.

కృపానిధి స్విచ్చి నొక్కి, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి మెషిన్‌ని ముందుకు తోశాడు. హనుమప్ప గట్టి ప్లైవుడ్డే వాడాడు. పాత టీవీతో సహా అదంతా అతిథి వీపు మీద కూలింది. గుండు పైకప్పు రేకులో దిగింది. దుమ్ము అణగకముందే లారీలోని మనుషులు లోపలున్నారు.

రోహిణి నేరుగా హారతి దగ్గరికి నడిచింది. "సండూరులో వాన పడిందా, మేడమ్?"

"ఎండగానే ఉంది," అని హారతి సంకెళ్ళు వేసింది.

కృపానిధి సుంకలమ్మ వైపు చూశాడు. కింద పడిన మెషిన్‌లో, నీడలో దాచిన చిన్న డిస్‌ప్లే ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. అందులో రుద్రేశ్ పేరు చూసింది, వైరు వెంబడి అతని చేతిలోని మల్టీమీటర్ దాకా చూసింది. అతని వేలు పట్టుకుని, కట్టు ఊడలేదని చూసుకుని వదిలేసింది.

రుద్రేశ్ మాత్రం స్టూలు మీదినుంచి లేవలేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. పోలీసు లాక్కోబోతే ఇవ్వలేదు. అందులో టీ ఉన్నంతసేపే తనకు ప్రాణమని నమ్మినవాడిలా ఉన్నాడు.

సుంకలమ్మ పోయి అతని ముందు నిలబడింది.

"పూర్తిగా తాగప్పా. నీకని చక్కెర ఎక్కువేసినా, దండగ చెయ్యొద్దు."