బాహుదా ఊబిలో గాలి పడవ

శవం నడుం దాకా బురదలో దిగబడి ఉంది.

నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉన్నాడు. తల మాత్రం ముందుకు వాలిపోయింది. జుట్టు నిండా నాచు. పోటు వచ్చి తల మీదుగా పోయి, మళ్ళీ వెనక్కి తగ్గిందని చూడగానే తెలుస్తోంది.

సబ్ ఇన్‌స్పెక్టర్ పుణ్యవతి ఒడ్డున నిలబడి చూసింది. శుక్రవారం ఉదయం, ఏడున్నర. బాహుదా నది సముద్రంలో కలిసే చోటు. వెనక సోనేపూర్ ఊరు. ముందు, కనుచూపు మేర నల్లటి ఊబి.

"ఎవరు?"

"మూర్తి బాబండి," అన్నాడు సూరయ్య. శవాన్ని మొదట చూసిన జాలరి అతను. "గాలి పడవ బాబు."

పుణ్యవతి ఆ పేరు విని ఉంది. వేంకటరమణమూర్తి. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. భార్య పోయాక బరంపురంలో ఇల్లు అమ్మేసి, ఈ ఒడ్డున ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఒక హోవర్‌క్రాఫ్ట్ కొన్నాడు. రెండు సీట్లది. నీళ్ళ మీదా, బురద మీదా, ఇసక మీదా గాలి మెత్త పరుచుకుని జారిపోయే బండి. జాలర్లు దాన్ని గాలి పడవ అంటారు.

"ఆ పడవేదీ?"

సూరయ్య చెయ్యి చాపాడు. కిందివైపు సరుగుడు తోట అంచున, ఎర్రటి హోవర్‌క్రాఫ్ట్ ఒంటరిగా పడి ఉంది.

"నిన్న ఎవరూ చూడలేదా?"

"ఊర్లో ఎవులున్నారమ్మా? ఆర్యపల్లిలో పెళ్ళి. పిల్లా మేకా అందరం ఎల్లిపోనాం. తెల్లారగట్ల ఒచ్చినాం. ఒచ్చి సూద్దును గదా, ఇలాగ."

బురద మీద పలకలు పరిచారు. తాళ్ళు కట్టారు. బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. శవం చొక్కా ముందు భాగం ఉబ్బెత్తుగా ఉంది. కానిస్టేబుల్ పై గుండీ తీశాడు. ఒక ముక్కు బయటికి వచ్చింది.

"బాతు," అన్నాడు కానిస్టేబుల్. "వలస బాతు, మేడమ్."

ఇన్‌స్పెక్టర్ జీపు దిగకుండానే చూశాడు.

"వేటకి వెళ్ళాడు. పిట్టని కొట్టాడు. తీసుకోవడానికి దిగాడు. కూరుకుపోయాడు. పడవ గాలికి కొట్టుకుపోయింది. తుపాకీ బురదలో ఉంటుంది. యాక్సిడెంట్. పోస్ట్‌మార్టం చేయించి కేసు మూసెయ్యమ్మా."

అందరికీ సరిపోయే మాట. పుణ్యవతి కూడా తలూపింది.

*

మార్చురీలో డాక్టర్ చొక్కా పూర్తిగా విప్పాడు. విప్పి ఆగిపోయాడు.

"ఇలా రండి."

బాతు ఎడమ రెక్కకి ఒక చేతిరుమాలు చుట్టి ఉంది. ఒక పుల్లని ఆసరాగా పెట్టి, రెండు చుట్లు తిప్పి, చివర చిన్న ముడి. రుమాలు విప్పితే ఎముక దగ్గర ఒక సీసపు గుండు.

"పిట్ట ఎలా పోయింది?" అడిగింది పుణ్యవతి.

"ఆయన పోయినట్టే. నీళ్ళలో మునిగి. దెబ్బ ప్రాణం తీసేది కాదు."

"ఆయన బురదలో ఎంతసేపున్నారు?"

"గంటలు. పాటు నుంచి పోటు దాకా అనుకోండి. ప్రాణంతోనే ఉన్నారు."

పుణ్యవతి ఆ ముడిని చూస్తూ ఉండిపోయింది. నడుం దాకా దిగబడ్డ మనిషి. చుట్టూ నరపురుగు లేడు. నీళ్ళు మెల్లగా పైకి వస్తున్నాయి. ఆ సమయంలో అతను ఓపిగ్గా ఒక పిట్టకి కట్టు కట్టాడు. తడవకుండా చొక్కాలో పెట్టి గుండీలు పెట్టుకున్నాడు.

కొట్టినవాడు కట్టు కట్టడు.

"డాక్టర్ గారూ, ఈ కట్టు సంగతి రిపోర్టులో రాయండి. బయట ఎవరితోనూ అనకండి."

బరంపురం శివారు అంకులిలో తన అద్దె వాటాకి వచ్చేసరికి పొద్దు కుంకింది. నిన్న మార్గశిర గురువారం. పక్క గుమ్మాల ముందు ఒడియా ఆడవాళ్ళు బియ్యప్పిండితో వేసిన లక్ష్మీ పాదాలు ఇంకా చెరగలేదు. ఆమె గుమ్మం ముందు ఏమీ లేదు. తాళం తీసి, లైటు వేసి, అన్నం కుక్కరులో పెట్టింది. కుక్కరు కూత తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఆమెకి అలవాటే. ఆ రాత్రి మాత్రం ఆ కూత కోసం ఎదురు చూసింది.

*

మర్నాడు సూరయ్యని అడిగింది.

"నీకూ ఆయనకీ గొడవైందట."

"అయిందమ్మా. గాలి పడవ మీదనుంచి ఎల్లి మా వల సింపేసింది. నాలుగు మాటలన్నాను. మర్నాడు బాబే ఒచ్చి, కూకుని, నాతోపాటు వల కుట్నాడు. రాదు ఆయనకి. అయినా కుట్నాడు."

"ఎప్పుడైనా ఆ పడవ ఎక్కావా?"

"ఒక్కసారి. ఊబిలో దిగబడిపోతే తీసినాడు. మా ఊరోల్లని అయిదుగురిని తీసినాడమ్మా ఆ బాబు."

"ఎప్పుడూ ఒక్కడే వెళ్ళేవాడా?"

"ఒక్కడే. పక్క సీట్లో ఇసక మూట ఎట్టుకుని ఎల్తాడు. దాంతోటి కబుర్లాడతాడు గూడాను. మావు నవ్వేవోల్లం."

"ఇసక మూట ఎందుకు?"

"ఏటో మరి. అడగనేదు."

పుణ్యవతి షెడ్డులోకి వెళ్ళింది. ఒక మంచం, ఒక స్టవ్వు. గోడ మూల ఇసక మూట నిలబెట్టి ఉంది. కాన్వాసు గుడ్డ. గట్టి కుట్లు. నడుం చుట్టూ సీటు బెల్టు ఒరుసుకుని మాసిన చార. ముట్టుకుంటే పొడిగా ఉంది.

స్టవ్వు పక్కన రెండు టీ గ్లాసులున్నాయి. రెండూ తాగినవే.

ఆమె సరుగుడు తోట దాకా నడిచింది. హోవర్‌క్రాఫ్ట్ చుట్టూ తిరిగింది. పడవ అడుగున చుట్టూరా వేలాడే నల్ల రబ్బరు గుడ్డని స్కర్టు అంటారు. గాలిని పట్టి ఉంచేది అదే. ఎడం వైపు శుభ్రంగా ఉంది. కుడి వైపు బురద పట్టిపోయి, గుల్లలు గీసుకుని, రెండు చోట్ల చిరిగింది. డ్రైవర్ సీటు కుడి వైపే.

కొంచెం వెనక, చెట్ల మధ్య, కారు టైర్ల గుర్తులు.

*

బరంపురంలో మెకానిక్ కొండలు. హోవర్‌క్రాఫ్ట్ ఇంజను రిపేరు అతనిదే.

"మీరు ఆయనతో పోట్లాడారా?"

"పోట్లాట కాదు మేడమ్. గోపాల్‌పూర్ బీచ్‌లో టూరిస్టులకి రైడ్లు వేద్దామన్నాను. వద్దన్నారు. ఎప్పుడు ఎవరు దిగబడతారో తెలీదు, పడవ ఇక్కడే ఉండాలన్నారు. అప్పట్నుంచి నేను వెళ్ళడం మానేశాను."

"ఆ పడవ నడపడం ఎవరెవరికి వచ్చు?"

"ఆయనకి. నాకు. వైకుంఠరావు గారికి కొంచెం నేర్పారు."

"గురువారం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఒక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాను. ట్రాక్టరు యజమాని పొద్దున్నుంచీ నా నెత్తినే కూర్చున్నాడు."

వైకుంఠరావు మూర్తికి కాలేజీ స్నేహితుడు. రోడ్ల కాంట్రాక్టర్. బరంపురంలో పెద్ద ఇల్లు. హాల్లో గోడకి దుప్పి కొమ్ములు. మూర్తి పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"నలభై ఏళ్ళ స్నేహం అమ్మా. వాడికి నేను తప్ప ఎవరున్నారు?"

"ఈ మధ్య ఎప్పుడు కలిశారు?"

"నెలైంది."

"గురువారం?"

"ఇంట్లోనే. మా ఆవిడ సింహాచలం వెళ్ళింది. ఒక్కణ్ణే ఉన్నాను."

"మూర్తి గారి చొక్కాలో ఒక బాతు దొరికింది."

"వాడంతే. రెక్క విరిగిన పిట్ట కనిపిస్తే ఆగలేడు. దానికోసం దిగిపోయి ఉంటాడు. మెతక మనిషి."

పుణ్యవతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. తొందరపడలేదు.

"మీకు లైసెన్సు తుపాకీ ఉందట."

"ఉంది. ముట్టుకుని పదేళ్ళైంది. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు కదా."

*

సోమవారం మధ్యాహ్నం మూడింటికి సూరయ్య, కొండలు, వైకుంఠరావు ముగ్గురినీ షెడ్డు దగ్గరికి పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. పడవని తాళ్ళతో లాక్కొచ్చి గట్టి ఇసక మీద పెట్టారు.

"కొండలూ, ఎక్కి స్టార్ట్ చెయ్యండి. ఒక్కరే."

ఇంజను గర్జించింది. స్కర్టు ఉబ్బింది. పడవ లేచింది. లేస్తూనే కుడి పక్కకి ఒరిగింది. కుడి వైపు రబ్బరు ఇసకని గీసుకుంటూ ఈడ్చుకుపోయింది.

"ఆపండి. ఇప్పుడు ఆ మూటని పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టండి."

ఈసారి పడవ సమంగా లేచింది.

ఇంజను ఆగాక పుణ్యవతి అందరి వైపు తిరిగింది.

"మూర్తి గారు ఒంటరిగా వెళ్ళిన ప్రతిసారీ ఈ మూట పక్కన ఉండేది. లేకపోతే పడవ ఒరుగుతుంది. గురువారం నాడు మూట షెడ్డులోనే ఉంది. పొడిగా ఉంది. అంటే ఆ రోజు దాని అవసరం లేదు. ఆ సీట్లో మనిషి కూర్చున్నాడు."

ఆమె సరుగుడు తోట వైపు చెయ్యి చూపింది.

"పడవ గాలికి కొట్టుకుపోయిందనుకున్నాం. ఇంజను ఆగిన పడవ నేల మీద చతికిలబడుతుంది. గాలికి ఎక్కడికీ పోదు. పోటుకి తేలి కొట్టుకొచ్చినా ఒక్క కుడి వైపే ఇలా చిరగదు. కుడి స్కర్టు చిరిగింది. అంటే తిరుగు దారిలో ఎవరో ఒక్కరే, మూట లేకుండా నడిపారు. తోట దగ్గర కారెక్కి వెళ్ళిపోయారు."

"నడపడం వచ్చినవాళ్ళు ఇద్దరే," అన్నాడు వైకుంఠరావు. కొండలు వైపు చూశాడు.

"కొండలు ఆ రోజు బరంపురంలో ఉన్నాడు. చూసినవాళ్ళున్నారు. మీకూ మూర్తి గారు కొంచెం నేర్పారట. ఒక్క మాట అడుగుతాను సార్. చొక్కాలో బాతు దొరికిందని మాత్రమే మీకు చెప్పాను. మా ఇన్‌స్పెక్టర్ గారితో సహా అందరూ అది కొట్టి చంపిన పిట్ట అనుకున్నారు. అది రెక్క విరిగి బతికే ఉందని మీకెవరు చెప్పారు?"

వైకుంఠరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున్న మీ కారు డిక్కీలో గోనె సంచీ కింద తుపాకీ దొరికింది. గొట్టంలో మందు వాసన ఇంకా పోలేదు."

అతను పడవ అంచు మీద కూర్చున్నాడు.

"వాడే రమ్మనేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకసారి రారా, తిరిగొద్దాం అనేవాడు. గురువారం వెళ్ళాను. టీ పెట్టిచ్చాడు. సంచీలో తుపాకీ ఉందని వాడికి చెప్పలేదు. మధ్యలోకి వెళ్ళాక తీశాను. ఒక్కటే కొట్టాను. వాడు ఇంజను ఆపేశాడు. ఇందుకా వచ్చావు అన్నాడు. ఫారెస్టు వాళ్ళకి చెప్తానన్నాడు. పిట్ట అక్కడ కొట్టుకుంటోంది. దిగొద్దురా అంటే దిగాడు. దిగబడిపోయాడు."

"చెయ్యి ఇవ్వమని మూర్తి గారు అడిగారా?"

"అడిగాడు."

గాలికి రేకులు కిర్రుమన్నాయి.

"కోపంలో ఉన్నాను. కాసేపు ఉండనీ, వేడి దిగుతుందనుకున్నాను. పడవ తీసుకుని వచ్చేశాను. చంపాలని కాదమ్మా. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు కదా. ఎవరో ఒకరు వెళ్ళి తీస్తారనుకున్నాను."

సూరయ్య అప్పటిదాకా గుంజకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు.

"ఊబిలో పడినోల్ని తీసేది ఆ బాబొక్కడే గదండీ. ఆయన్ని తియ్యడానికి ఇంకెవులున్నారు?"

వైకుంఠరావు పడవ అంచు మీంచి లేచాడు. కానిస్టేబుల్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

జీపు వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టర్ పుణ్యవతి పక్కన నిలబడ్డాడు. ఊబి మీదికి పోటు వస్తోంది. చప్పుడు లేకుండా, ఒక్కో చాలులోకి నీళ్ళు పాకుతున్నాయి.

"మంచి పని చేశావమ్మా. నేను మూసేయమన్నాను."

"సార్, రేపు పొద్దున్న నాకు సెలవు కావాలి."

"దేనికి?"

"మూర్తి గారు నాలుగు రోజులుగా మార్చురీలోనే ఉన్నారు. ఎవరూ రాలేదు. తీసుకెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి కదా."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

సూరయ్య దగ్గరికి వచ్చి, తలపాగా విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"ఏ యేలకి రమ్మంటారమ్మా?"

"ఎనిమిదింటికి," అంది పుణ్యవతి.