మూడంతస్తుల కింది నీళ్లు

ఆరో క్లాసు పిల్లలు సైన్స్ రూమ్‌లోకి వచ్చేసరికి గాజుతొట్టెలో మూడు టెట్రా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలిన తొమ్మిదీ తలో మూలకు చేరాయి. ఎప్పుడూ గుంపు విడవని చేపలవి. వాటి ఎర్రచారలు కూడా వెలిసిపోయాయి.

సైన్స్ సార్ నీళ్లలో పరీక్ష కాగితం ముంచాడు. "ఇవి కుళాయి నీళ్లు. సున్నం ఉన్న నీళ్లు వీటికి పడవు, డ్రమ్ములో వాననీళ్లే పొయ్యాలని చెప్పానా లేదా?"

సార్ చూపు తిన్నగా అటెండర్ పిన్ని మీదికి పోయింది. తప్పు జరిగితే చాలు, ముందు చీపురు పట్టిన మనిషే కనబడుతుంది పెద్దవాళ్లకి.

"నీళ్లు మార్చేది నువ్వే కదా?"

పిన్ని ఒక్కసారి పిల్లల్లో ఉన్న బొంగరం అనే పిల్ల వైపు చూసింది. "మార్చాల్సింది నేనే సార్."

"ఇకమీదట తొట్టె జోలికి రాకు."

పొద్దున్నే వాటికి మేత వేసేది పిన్నే. మేత డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కాలు ఒకచోట నిలవదని ఆ పిల్లను క్లాసంతా బొంగరం అంటారు. నిన్న పిన్నికి మోకాళ్ల నొప్పి. "నేను తెస్తాలే పిన్నీ" అని బకెట్ లాక్కుంది. డ్రమ్మేమో మూడంతస్తుల కింద ఉంది. కుళాయి పక్కనే ఉంది. కింద కబడ్డీ మొదలైపోయింది. నీళ్లు నీళ్లే కదా అనుకుని కుళాయి దగ్గరే బకెట్ నింపేసింది.

మధ్యాహ్నం బొంగరం అన్నం వదిలేసి పిన్నిని వెతుక్కుంటూ వెళ్లింది. పిన్ని పూలకుండీలో చేపల్ని పూడుస్తోంది.

"నా పేరెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నీకు నోరు లేదా? నువ్వే చెప్తావేమోనని చూశాను."

బొంగరం స్టాఫ్ రూమ్‌కి వెళ్లింది. టీచర్లందరూ ఉన్నారు. అందరి ముందే చెప్పేసింది. సార్ లేచి సైన్స్ రూమ్‌కి వెళ్లాడు. బల్ల మీది మేత డబ్బా తీసుకుని తనే పిన్ని దగ్గరికి నడిచాడు.

"తొందరపడ్డానమ్మా" అన్నాడు. డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

పోయిన చేపలు మాత్రం తిరిగి రాలేదు.

మరుసటి వారం ఆటల బెల్లు మోగింది. బొంగరం వాననీళ్ల బకెట్‌తో మెట్లెక్కి వచ్చింది. మగ్గుతో కొంచెం కొంచెంగా పోసింది. చేపల్ని లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఆటకి పోవా?" అంది పిన్ని.

"ఇంకో బకెట్ పట్టాలి పిన్నీ."

ఖాళీ బకెట్ పట్టుకుని మళ్లీ మెట్లు దిగింది.