ఫొటో కోసం చెత్త

"ఈ లారీని ఎవరు రమ్మన్నారు?" అని అరిచాను.

ఒళ్లు మండిపోయింది నాకు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం నడుములు పడిపోయేలా మేం శుభ్రం చేసిన చెరువు గట్టు అది. దానిమీద మునిసిపల్ లారీ ప్లాస్టిక్ సీసాలు, చిరిగిన కవర్లు దర్జాగా కుమ్మరిస్తోంది. పక్కన నిలబడి చూస్తున్నది ఎవరో కాదు, మమ్మల్నందర్నీ పోగుచేసి చేతికి గోనెసంచులిచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్.

"పైనుంచి ఆర్డర్," అంది, నా మొహం చూడకుండా. "కాసేపట్లో మా ఆఫీసు పెద్దాయన వస్తారు. చెత్త ఏరుతున్నట్టు ఫొటో కావాలట. గట్టు మరీ శుభ్రంగా ఉందట."

"శుభ్రంగా ఉండడం తప్పా?"

"అదే అడిగాను. ట్రాన్స్‌ఫర్ కావాలా అన్నారు."

ఆదివారం పొద్దున్నే లేవడం నా జాతకంలోనే లేదు. ఈవిడ కోసం లేచాను. అందుకే కోపం రెట్టింపయింది.

"ఫొటోలో మీకూ చోటిస్తారా మేడమ్?" అన్నాను.

ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. వాలంటీర్ల వైపు తిరిగింది.

"ఈ చెత్త మా ఆఫీసే తెచ్చి పోసింది, ఫొటో కోసం. వెళ్లిపోతామంటే ఆపను. నేను మాత్రం ఏరేస్తున్నా."

ఎవ్వరూ వెళ్లిపోలేదు. ఆఫీసుని తిట్టుకుంటూ అందరం ఏరాం. పెద్దాయన కారు దిగేసరికి చెత్తంతా మళ్లీ లారీ ఎక్కేసింది.

"ఏరడానికేదమ్మా?" అన్నాడాయన, కొత్త గ్లవ్స్ తొడుక్కుంటూ.

"లారీలో ఉంది సార్. మన ఆఫీసుదే."

ఫొటోగ్రాఫర్లు లారీనే తీశారు.

మర్నాడే ఆవిడకి ట్రాన్స్‌ఫర్. ఊరవతల, గుర్రపుడెక్క పట్టి కంపు కొడుతున్న ఇంకో చెరువుకి. నిజం చెప్పినందుకు దక్కిన బహుమానం అది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తదని తెలుసు, నేనన్న మాట అలాంటిది.

ఆదివారం అక్కడికి వెళ్లాను. ఒక్కతే బ్యానర్ కట్టుకుంటోంది.

"ఇక్కడ ఫొటోలు తియ్యరు," అంది.

"ఆ మాటన్నందుకు ముందు తిట్టండి. తర్వాత సంచి ఇవ్వండి."

"ఒక్క వాలంటీరుతో ఈ చెరువు బాగుపడదు."

"నన్ను పెళ్లి చేసుకుంటే మా ఇంటిల్లిపాదీ వస్తారు. మా అమ్మ నడుం వంచలేదు గానీ, చెత్త వేసేవాళ్లని కడిగేస్తుంది. మీరంటే నాకిష్టం. గట్టు మీద చూసిన మొదటి రోజునుంచీ."

నన్ను ఎగాదిగా చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ, ఆగలేదు. సంచి నా చేతిలో పెట్టింది.

"పెళ్లి మాత్రం ఆదివారం వద్దు," అంది. "ఆ రోజు మనకి పనుంది."