ఎర్ర అంచు మీద చీమలు

"టేపు దొరికింది!"

ఫోన్‌లో పెద్దాయన గొంతు వినగానే ఏజెంట్ చేతిలోని టీ తొణికింది. పెద్దాయన అంటే వాళ్ళ విభాగానికి చీఫ్. పదేళ్ళ సర్వీసులో ఆయన శుభవార్త చెప్పడం ఇదే మొదటిసారి.

"ఎక్కడ సార్?"

"శవం బూటులో."

శుభవార్త అక్కడితో అయిపోయింది.

చనిపోయినవాడిని విభాగంలో అందరూ 'కన్ను' అనేవాళ్ళు. విదేశీ ముఠా సమావేశాన్ని సంచిలో దాచిన కామ్‌కార్డర్‌తో షూట్ చేస్తూ నిన్న సాయంత్రం దొరికిపోయాడు. తలుపు విరిగేలోపు, అగ్గిపెట్టెంత మినీడీవీ టేపుని బూటులోకి తోశాడు.

ఏజెంట్‌ని మాత్రం అందరూ 'పెళ్ళికొడుకు' అనే పిలుస్తున్నారు. పెళ్ళయి పదహారు రోజులు. భార్యకి అతనిది ఇన్సూరెన్స్ ఉద్యోగమనే తెలుసు. వేలికి ఉంగరం ఇంకా అలవాటు కాలేదు, బొటనవేలితో తిప్పుతూనే ఉంటాడు. టిఫిన్ బాక్సు మూత కింద రోజూ ఒక చీటీ దొరుకుతుంది. ఇవాళ్టిది: "మిగిల్చి తెచ్చావో, రాత్రికీ అదే."

పదకొండు గంటలకి, మీటర్ రీడర్ వేషంలో, అతను ల్యాబ్ వెనక గేటు దగ్గర ఆగాడు.

"వాన పడేలా ఉంది," అన్నాడు కాపలా మనిషి.

"గొడుగు నిన్ననే ఆరేశాను."

గేటు తెరుచుకుంది.

పెద్దాయన నిలబడే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "రైల్వే స్టేషన్‌లో లగేజీ లాకర్లు ఆరువందల నలభై. ఒకదాంట్లో టైమ్ బాంబు. సరిగ్గా పన్నెండింటికి పేలుతుంది."

"స్టేషన్ ఖాళీ చేయిస్తే?"

"వాళ్ళ మనిషి రిమోట్ పట్టుకుని అక్కడే ఉన్నాడు, ఎవడో తెలీదు. జనం కదిలినా, లాకర్లు ఒక్కొక్కటిగా తెరిచినా నొక్కేస్తాడు. మనం ఒకే ఒక్క లాకర్ తెరవాలి. దాని నంబరు తాళంచెవి బిళ్ళ మీద ఉంది. ఆ తాళంచెవి చేతులు మారడం షూట్ చేశానని కన్ను చివరి మెసేజ్ పెట్టాడు."

అప్పుడు ల్యాబ్ మేడమ్ వచ్చింది. ఆకుపచ్చ సిల్కు, ఎత్తు మడమల చెప్పులు, ఆమెకంటే ముందు గదిలోకి నడిచొచ్చే సెంటు. ఆవిడ వస్తే పెద్దాయన కూడా కాలర్ సర్దుకుంటాడు.

"మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఫైర్‌వైర్ కేబుల్‌తో, క్వాలిటీ ఏమాత్రం పోకుండా. కానీ ఆఖర్లో టేపు మెషీన్‌లో నలిగి ముక్కలైపోయింది. సారీ."

తెర మీద ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న మనిషి తాళంచెవి అందిస్తున్నాడు. బిళ్ళ మీద అంకెలు అలుక్కుపోయాయి.

"463? 468? 403?" పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"చెయ్యి వణికినట్టుంది పాపం," అంది మేడమ్.

"అతని చెయ్యి ఎప్పుడూ వణకలేదు," అన్నాడు పెళ్ళికొడుకు.

తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. ఎర్ర స్కార్ఫ్ అంచు వెంబడి సన్నటి చుక్కలు పాకుతున్నాయి. అవి ఎక్కడో చూశాడు. పోయిన ఆదివారం, ఇంట్లో.

సముద్రం దగ్గర షూట్ చేసుకున్న టేపుని తనే కంప్యూటర్‌లోకి ఎక్కించి గొప్పగా చూపించాడు. స్టూడియోలో వీడియో ఎడిటర్‌గా పనిచేసే భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా ఎర్ర గొడుగు అంచు చూడు బాబూ, చీమలు పాకుతున్నాయి! పసుపు వైరు పెట్టావు కదూ? టేపులో ఉన్నవి అంకెలు. పసుపు వైరు వాటిని కరిగించి పోస్తుంది, కంప్యూటర్ మళ్ళీ పోగేసుకుంటుంది. ఫైర్‌వైర్ అయితే ఉన్నది ఉన్నట్టు దింపుతుంది. మీ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇవేవీ నేర్పరా?"

పెళ్ళికొడుకు వెనక్కి తిరిగాడు.

"మేడమ్, ఫైర్‌వైర్‌తోనే తీశారా?"

"అనుమానమా, పెళ్ళికొడుకూ?"

"ఫైర్‌వైర్‌తో తీస్తే చీమలు పట్టవు."

ఆమె నవ్వుతూనే లిప్‌స్టిక్ మూత తిప్పింది. టక్‌మని చిన్న శబ్దం. సూది అతను అడ్డం పెట్టిన మీటర్ పుస్తకం అట్టలో దిగింది. రెండోసారి తిప్పేలోపు ఆమె మణికట్టు అతని చేతిలో ఉంది. హ్యాండ్‌బ్యాగ్ బోర్లిస్తే టేపు బయటపడింది. కొంచెం నలిగింది, తెగలేదు.

"వాళ్ళు సాక్ష్యంగా తెచ్చిమ్మన్నారు," అంది ఆమె, సంకెళ్ళు పడుతుంటే. "కాల్చేసి ఉండాల్సింది."

"నంబరు చెప్పు."

"టైమ్ చూసుకో."

పదకొండూ ఇరవై ఏడు.

ల్యాబ్‌లోని ఫైర్‌వైర్ కేబుల్‌ని ఆమె ఎప్పుడో బ్లేడుతో కోసేసింది. పెళ్ళికొడుకు సంచి విప్పాడు. టిఫిన్ బాక్సు పక్కన అలాంటిదే ఇంకో కేబుల్ ఉంది, ఊదారంగు రిబ్బనుతో చుట్టి. సాయంత్రం స్టూడియోలో తిరిగి ఇచ్చి రమ్మని పొద్దున భార్య పెట్టింది. ముడి విప్పుతుంటే, అంత కంగారులోనూ, రిబ్బను కొబ్బరినూనె వాసన అతనికి తెలిసింది.

భార్యకి ఫోన్ కలిపాడు. "ఆఫీసు టేపు ఒకటి దింపాలి. అర్జంటు."

"డిస్కులో ఖాళీ చూడు. గంట టేపుకి పదమూడు జీబీ. కంప్రెస్ చేయనా అని కంప్యూటర్ అడుగుతుంది, వద్దను. మిగతా ప్రోగ్రాములన్నీ మూసెయ్, లేకపోతే ఫ్రేములు రాలిపోతాయి."

"టేపు నలిగింది."

"అయితే ఫాస్ట్ ఫార్వర్డ్ జోలికి పోకు, తెగుతుంది. మొదట్నించీ దాని నడకనే నడవనివ్వు."

తాళంచెవి సీను ఇరవై నాలుగో నిమిషంలో. పదకొండూ ముప్ఫై ఒకటికి ప్లే నొక్కాడు.

తెర మీద ముందుగా ఒక ముసలావిడ కనిపించింది. బఠాణీలు ఒలుస్తూ నవ్వుతోంది. "ఆపరా వెధవా! ఈ ముడతల మొహం ఏం తీస్తావు?" కెమెరా వెనక కన్ను గొంతు: "నా టేపు నా ఇష్టం అమ్మా." ఇంట్లో తీసుకున్న టేపు మీదే మిగతాది షూట్ చేశాడన్నమాట. ఆ రెండు నిమిషాలూ ముసలావిడ బఠాణీలు ఒలుస్తూనే ఉంది. మేడమ్ గోడవైపు తిరిగింది.

పదకొండూ యాభై ఐదు. ఎర్ర స్కార్ఫ్. అంచు కత్తితో కోసినట్టుంది. ఒక్క చీమ లేదు. బిళ్ళ.

"468!"

పెద్దాయన ఫోన్‌లో అరిచాడు. స్టేషన్‌లో ఊడ్చేవాళ్ళ వేషంలో తిరుగుతున్న బాంబు స్క్వాడ్ కదిలింది. ఒకడు కాలు జారినట్టు నటించి బకెట్టెడు నీళ్ళు, 468 మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డ రిమోట్ మనిషి మీద కుమ్మరించాడు. ఇద్దరు వాణ్ణి నేలకి అదిమారు. ఇంకొకడు లాకర్ పగలగొట్టాడు. స్పీకర్‌లో ఊపిరి శబ్దం తప్ప ఏమీ లేదు.

"ఆగింది సార్. ఎనిమిది సెకన్లు మిగిలాయి."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. టేపు ఇంకా నడుస్తోంది. పెళ్ళికొడుకు ఆపలేదు. తలుపు విరుగుతున్న చప్పుడు. లెన్స్ మీదికి ఒక అరచెయ్యి వచ్చింది, కెమెరా ఆపడానికి. ఆ చెయ్యి వణకలేదు.

ఫోన్ మోగింది.

"దిగిందా మహానుభావా?"

"ఒక్క ఫ్రేమూ పోలేదు."

"అయితే రేపటి ప్లాన్ విను. అమ్మ నా చిన్నప్పటి టేపులు పద్నాలుగు పంపింది. తొమ్మిదింటికి మొదలు."

"ముందు ఒక ఇంటికి వెళ్ళాలి. ఒక పెద్దావిడకి వాళ్ళబ్బాయి తీసిన వీడియో ఇవ్వాలి. రెండే నిమిషాలు."

"నేనూ వస్తాను. వచ్చాక మొదలుపెడదాం. పద్నాలుగు గంటల టేపు, ఫాస్ట్ ఫార్వర్డ్ లేదు."

పెళ్ళికొడుకు ఉంగరం ఒకసారి తిప్పుకున్నాడు. శత్రువుల గదుల్లోంచి తప్పించుకునే దారులు ట్రైనింగులో ఇరవై రకాలు నేర్పారు. అత్తగారి టేపుల గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.