ఏప్రిల్‌లో శరత్తు మంచు

మంచు ఒకటే. ఏప్రిల్‌లో కమ్మితే కసుమి అనాలి, అక్టోబరులో కమ్మితే కిరి అనాలి. జపాన్‌లోని ఓజు ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. హైకూ కూటమిలో అటుదిటు చేశారో, పరువు గంగలో కలిసినట్టే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరో సరిగ్గా ఆ పనే చేశారు.

"'కిరి కమ్మింది, రెండు గట్లూ లేవు, పడవలో ఇద్దరం'" అని చదివి, ఎనభై ఏళ్ల మాకినో టీచర్ కళ్లజోడు తీసింది. "బయట చెర్రీలు పూస్తుంటే కిరి ఏంటి? ఏ మొద్దు రాశాడిది?"

ఆ మొద్దు పేరు షుంపెయ్. రేవులో పడవ నడుపుతాడు. ప్రస్తుతం గోడకు అతుక్కుపోయి కూర్చున్నాడు. కూటమిలో పద్యాలన్నీ పేర్లు లేకుండా కలిపేసి, వేరేవాళ్ల చేత తిరగరాయిస్తారు. అందుకే కోడి గెలికినట్టుండే అతని రాత బయటపడలేదు. కానీ ఆ పద్యాన్ని నచ్చిందని ఎవరైనా ఎంచుకుంటే, రాసినవాడు పేరు చెప్పుకుని తీరాలి.

ఎంచుకోవాల్సిన మనిషి ఎదురుగానే ఉంది, పోస్టాఫీసు చిజురు. వచ్చే ఆదివారం ఆమెకు మత్సుయామా పట్నంలోని పళ్ల డాక్టరుతో పెళ్లిచూపులు. ఇవాళ నోరు పెగలకపోతే, పెళ్లికొచ్చిన చుట్టాలను ఏరు దాటించడమే షుంపెయ్‌కి మిగిలేది.

"నేను దీన్నే ఎంచుకుంటున్నా" అంది చిజురు.

"ఋతువే తప్పింది కదే."

"తప్పలేదు టీచర్ గారూ. రాసింది అక్టోబరులోనే. ఆ రోజు మంచులో దారి తెలీక ఏటి మధ్య అరగంట ఆగిపోయాం. ఈయనగారు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నాకేమో ఆఫీసులో చివాట్లు. ఇప్పటికి ఆరు నెలలు. మా తపాలా కూడా ఇంత ఆలస్యంగా రాదు."

గదిలో తలలన్నీ గోడవైపు తిరిగాయి. అందరికీ అర్థమైపోయింది. అయినా పద్ధతి పద్ధతే.

"ఎవరిదీ పద్యం?" అంది టీచర్.

"షుంపెయ్" అన్నాడతను. ఆమె లేకుండా ఆ పడవ ఎక్కబుద్ధి కాదనిపించింది. "షుంపెయ్‌ది. చిజురూ, ఆ డాక్టర్ని చూడొద్దు."

"చూడను. మా అమ్మతో మాత్రం నువ్వే చెప్పాలి. ఇవాళే."

"వస్తాను" అన్నాడు, లేచి నిలబడి.

టీచర్ కిరిని కసుమి చేద్దామని ఎర్ర పెన్ను తీసింది. చిజురు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దిద్దకండి టీచర్ గారూ. ఇది నాకొచ్చిన ఉత్తరం."